మోట నూతిలో మా అత్త

ఇంటికి చుట్టాలొస్తే చాలు, మావాళ్ళు మా మేనత్త సాహసాలు మొదలుపెడతారు. మగవాడిలా తలపాగా చుట్టుకుని మామిడికాయల బండి హనుమాన్ జంక్షన్ దాకా తోలుకెళ్ళిందట. కాయలు కోసే చిక్కం కర్ర విరిగితే కొమ్మ చివరిదాకా తనే పాకిందట. చెప్పడం, పడీపడీ నవ్వడం. చివర్లో నూతి సంగతి రాక తప్పదు. అది వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. తెలియనివాళ్ళు తెలిసినట్టు చెబుతుంటే మండదూ మరి? అందుకే ఒక్కసారి నన్నూ చెప్పనివ్వండి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. నాకు తొమ్మిదేళ్ళు, అత్తకి ఇరవై దాటి ఉంటాయేమో. నూజివీడు దాటి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో మా తోట, తోటలోనే ఇల్లు. అత్తని ఇచ్చింది బాపులపాడు అవతల, వరిపొలాల ఊరు. కాయల కోతకని పుట్టింటికొచ్చింది. కోతలు సగమైపోయినా తిరిగి వెళ్ళే ఊసెత్తలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తోటంతా నిద్రపోయేది. నీళ్ళు తోడే మోట ఎడ్లని విప్పి నీడన కట్టేసేవారు. మగవాళ్ళు గడ్డి పరుచుకుని పడుకునేవారు. అప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని, చప్పుడు కాకుండా మోట నూతికి తీసుకెళ్ళేది. లంగా గుండెల మీదకి కట్టుకుని మెట్లు దిగేది. నా వీపుకి ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి నీళ్ళలోకి తోసేది.

"కాళ్ళు ఆడించవే అమ్మడూ. అట్టా గేదెలా తేలితే ఈత రాదు."

ఆ నీళ్ళ చల్లదనం ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో ఉంది. పైన గుండ్రంగా ఆకాశం, దాని అంచున మామిడాకులు. ఎండ నీళ్ళలోకి దిగి గోడల మీద వణికేది. చెవులు మునిగితే లోకమంతా ఆగిపోయేది, నా ఊపిరి నాకే వినపడేది. ఎక్కడో కాయ రాలేది. ఒకసారి నూతి మీదకి వాలిన కొమ్మ నుంచి పండు వచ్చి నీళ్ళలోనే పడింది. నీళ్ళలో ఉండగానే ఆవిడొక కొరుకు, నేనొక కొరుకు తిన్నాం. రసం గడ్డం మీంచి కారి నీళ్ళలో కలిసిపోయింది. అంత తియ్యటి పండు మళ్ళీ నేను తినలేదంటే నమ్మండి.

అత్త ఈదుతుంటే ఆవిడ వీపు మీద రెండు నల్లటి చారలు కనిపించేవి.

"ఏంటత్తా అవి?"

"అట్టు తిరగేస్తుంటే అట్లకాడ తగిలిందే."

సరేననుకున్నాను. అట్టు పొయ్యి మీద ఉంటుంది, వీపు వెనక ఉంటుంది. నా మొహం, ఆ మాత్రం ఆలోచన కూడా రాలేదు.

ఆ నెలలోనే అత్తారింటివాళ్ళు కబురు పెట్టారు, గురువారం వచ్చి తీసుకెళ్తామని. తాతయ్య చెడ్డవాడు కాదు. తల్లి లేని కూతురంటే ప్రాణం. కానీ నలుగురూ అడుగుతున్నారని ఆయనకి తల కొట్టేసినట్టుండేది. అత్త ఒక్కసారే అంది, "నేను వెళ్ళను నాన్నా" అని. "అట్టా అనకూడదమ్మా" అన్నాడాయన. ఎందుకు వెళ్ళవని ఆయన అడగలేదు. ఈవిడా చెప్పలేదు.

గురువారం గూడుబండిలో అత్త వాళ్ళ అత్తగారూ, మావయ్యా దిగారు. భోజనాలయ్యాయి. సున్నుండల డబ్బా, పండ్ల గంప బండెక్కాయి. మా అమ్మ అత్తకి జడ వేసి పట్టుచీర కట్టింది. ఎండ చల్లబడగానే బయలుదేరడమే. పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే అత్త లేచి పెరటి గుమ్మం వైపు నడిచింది. నేనూ లేచాను.

"నువ్వు రాకు అమ్మడూ" అంది.

నాకు ఎంత ఉక్రోషమొచ్చిందో! ఏడుస్తూ గుమ్మంలోనే కూలబడ్డాను. కాసేపటికి తోటలో రాలుకాయలు ఏరే కూలీ ఆవిడ రొమ్ము బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"పెద్దయ్యగారండోయ్! నూతి గట్టు మీద అమ్మాయిగారి చీర ఉందండీ! దూకేశారండీ!"

తాతయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. వెనకాల ఇల్లంతా పరిగెత్తింది. గట్టు మీద పట్టుచీర మడతపెట్టి ఉంది. అందరం లోపలికి తొంగిచూశాం. అత్త నెమ్మదిగా ఈదుకుంటూ మెట్ల వైపు వస్తోంది.

"ఓరి నాయనోయ్, ఈత కొడుతోందర్రా!" అని మా నాన్న గట్టు మీదే చతికిలబడి నవ్వేశాడు. దూకేవాళ్ళెవరన్నా చీర మడతపెట్టి దూకుతారా అని మా అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మావాళ్ళు చెప్పే కథ ఇక్కడితో సరి.

తాతయ్య మాత్రం నవ్వలేదు. మెట్లు దిగి వెళ్ళాడు. నేను ఆయన పంచె పట్టుకుని దిగాను. అత్త మెట్టు పట్టుకుని, మాకు వీపు పెట్టి రొప్పుతోంది. తాతయ్య ఆ వీపు చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

నేనే చెప్పాను, నాకు తెలుసు కదా మరి!

"అట్టు తిరగేస్తుంటే తగిలిందంట తాతయ్యా."

ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. భుజం మీది కండువా తీసి కూతురి వీపు మీద కప్పాడు. పైకొచ్చి బండి దగ్గరికి నడిచాడు.

"బండి తిప్పుకోండి. పిల్లని పంపను."

"అదేంటి అన్నయ్యగారూ, నలుగురూ ఏమనుకుంటారు?" అంది అత్తగారు.

"అనుకోనివ్వండమ్మా."

అత్త మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు.

నాకు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యాక ఒక వేసవిలో అత్త ఒరుగులకి కాయలు తరుగుతుంటే పక్కన కూర్చున్నాను. ఎన్నేళ్ళుగానో నోటి చివర ఉన్న మాట ఆ రోజు బయటికొచ్చింది.

"ఆ రోజు ఈతకే వెళ్ళావా అత్తా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగలేదు.

"కాదే. చద్దామనే వెళ్ళాను."

"మరి చీర?"

"మా అమ్మ చీర. తడపబుద్ధి కాలేదు."

ఆవిడే మళ్ళీ అంది.

"దూకాను. అడుగుదాకా వెళ్ళాను కూడా. చేతులు ఊరుకోలేదే అమ్మడూ. నేను వద్దంటున్నా వినకుండా ఈదేశాయి."

నేను కత్తిపీట పక్కకి జరిపి ఆ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను.

"వదలవే, సొన అంటుకుంటే పొక్కుతుంది" అని కసిరింది.

నేను వదల్లేదు.