ఆరు కుందేళ్ళ కళ్ళు

2022 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో, రెండు గదుల పోర్షన్ మాది. ముందు గదిలో కిటికీ కింద కుట్టుమిషన్, దాని పక్కన పాలిస్టర్ దూది సంచి, ఆ సంచి మీద ఎప్పుడూ ఎవరో ఒక పిల్ల. పెద్దది అక్షరకు నాలుగేళ్ళు, చిన్నది మిన్నుకు పదకొండు నెలలు. మా ఆయన యాదగిరి టైర్ల దుకాణంలో పనిచేస్తాడు.

పెళ్ళైన కొత్తలో బ్లౌజులు కుట్టేదాన్ని. అక్షర పుట్టాక ఆ పని సాగలేదు. కొలతలు తీసుకునేటప్పుడు పిల్ల టేపు లాగేది, ట్రయల్‌కి వచ్చినవాళ్ళు పిల్ల ఏడుపు విని మొహం చిట్లించేవాళ్ళు. బొమ్మలకు ఆ బాధ లేదు. అవి కొలతలకు రావు, రేపే ఫంక్షన్ అని తొందరపెట్టవు. పిల్లలు పడుకున్నప్పుడు గుడ్డ కత్తిరించుకునేదాన్ని, లేచి ఉన్నప్పుడు దూది కూరేదాన్ని. బొమ్మల చెవుల్లో దూది కూరడం అక్షర పని. అడిగినవాళ్ళందరికీ తన వాటా చెప్పుకునేది. ఏనుగులు, ఎలుగుబంట్లు, జడలు వేసిన గుడ్డ బొమ్మలు చేశాను. ఎక్కువగా అడిగేది మాత్రం జానెడు పొడుగున్న గులాబీ రంగు కుందేలునే.

బొమ్మ కుట్టడంలో కష్టమైన భాగం కళ్ళు. మేము వాడేవాటిని సేఫ్టీ ఐస్ అంటారు. నల్లటి ప్లాస్టిక్ గుండీ లాంటి కన్ను, దాని వెనక గాట్లున్న చిన్న కాడ. కాడను గుడ్డలోంచి దూర్చి, లోపలివైపు నుంచి వాషర్ అనే బిళ్ళను గట్టిగా నొక్కాలి. టక్ టక్‌మని రెండు మూడు గాట్లు దాటి బిగుసుకుంటే ఇక ఊడదు. పేరులోనే సేఫ్టీ ఉందని నమ్మకం.

ఆ జూలైలో ఏడు కుందేళ్ళు ఒకేసారి చేశాను. ఒకదానికి చెవి వంకరగా వచ్చిందని మిన్నుకు ఉంచేశాను. మిగతా ఆరూ వారంలో అమ్ముడుపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం బియ్యం కడిగి ముందు గదిలోకి వచ్చాను. మిన్ను కుందేలు చెవి చప్పరిస్తూ కూర్చుంది. కుందేలు నా వైపు ఒక్క కన్నుతో చూస్తోంది. రెండో కన్ను ఉండాల్సిన చోట చిన్న రంధ్రం.

చాప దులిపాను, మిషన్ కింద వెతికాను, మిన్ను నోట్లో వేలు పెట్టి చూశాను. ఎక్కడా లేదు. అక్షరను కింది పోర్షన్ సుజాతక్క దగ్గర వదిలి, మిన్నును ఎత్తుకుని ఆటోలో పిల్లల దవాఖానకు పరుగెత్తాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి, "ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడదమ్మా. ఊపిరి బాగుంది, పాలు తాగుతోంది. కడుపులోకి పోయుంటే రెండు మూడు రోజుల్లో అదే బయటికి వస్తుంది. దగ్గొచ్చినా, వాంతులైనా వెంటనే తీసుకురండి" అంది. చీటీ రాస్తూ తలెత్తకుండానే మరో మాట అంది. "అదే గొంతుకు అడ్డం పడుంటే మీరు ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు కాదు."

ఇంటికి రాగానే మిన్ను కుందేలు తల కుట్టు విప్పాను. దూదిలో వాషర్ వదులుగా దొరికింది. రెండో కన్ను వాషర్ ఒక్క గాటు మీదే ఆగి ఉంది. ఎందుకో వెంటనే అర్థమైంది. ఆ ఏడు కుందేళ్ళకు కళ్ళు బిగించినప్పుడు మిన్ను జ్వరంతో నా ఒళ్ళో పడుకుని ఉంది. వాషర్ టక్‌మన్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. పిల్ల లేస్తుందని మెల్లగా నొక్కాను, తర్వాత మళ్ళీ గట్టిగా నొక్కుదామనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు. నా పిల్ల నిద్ర కోసం ఆరుగురు పిల్లల చేతుల్లో ఊడిపోయే కళ్ళు పెట్టాను.

యాదగిరి పని నుంచి వచ్చేసరికి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. విషయం విని అతను మొదట మిన్నును ఎత్తుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు.

"అందరికీ నీదే తప్పని చెప్పుకుంటవా? నలుగురికి తెలిస్తే రేపటి సంది ఆర్డర్లు ఎవరిస్తరు? కొత్త మోడల్ వచ్చింది, మార్చిస్త అని చెప్పు."

"గట్లంటే నిదానంగ పంపుతం అంటరు. నాకు ఇప్పుడే కావాలె. మన పిల్ల మింగితే మనకు తెల్సింది. ఆళ్ళకెట్ల తెలుస్తది?"

అతను మిన్నును చంకనేసుకుని, "ఫోన్ల చార్జింగ్ ఉన్నదా?" అని అడిగి, చార్జర్ తెచ్చి నా పక్కన పెట్టాడు.

కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. బొమ్మను పిల్లలకు అందకుండా తీసి పెట్టండి, నేనే వచ్చి తీసుకుపోతాను, తప్పు నాదే అన్నాను. చాలామంది మంచిగానే మాట్లాడారు. వనస్థలిపురంలో ఉండే గుంటూరు వైపు ఆవిడ మాత్రం, "నమ్మి తీసుకున్నామండీ. చంటిపిల్లలకిచ్చే వస్తువు ఇలాగేనా చేసేది?" అని నిలదీసింది. "నిజమేనండీ" అన్నాను. మర్నాటి సాయంత్రానికి ఐదు కుందేళ్ళు ఇంటికి చేరాయి. యాదగిరి ఒక్కొక్క కన్ను పట్టుకుని లాగాడు. నాలుగు అతని చేతిలోకి వచ్చేశాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చూసి, "మంచి పని చేసినవ్" అన్నాడు.

ఆరో కుందేలు కొన్నదెవరో నాకు తెలియదు. సుజాతక్క వాళ్ళ ఎల్‌బీ నగర్ చర్చిలో ఆడవాళ్ళు పెట్టిన అమ్మకంలో పోయింది. అక్క ఆ పొద్దంతా చర్చి వాళ్ళకు ఫోన్లు చేసి, చివరికి ఒక నంబరు తెచ్చింది. మరియమ్మ అట, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక అమ్మాయిల హాస్టల్‌లో వంట చేస్తుందట.

మూడో రోజు పొద్దున, మిన్ను డైపర్‌లో నల్లటి కన్ను చెక్కుచెదరకుండా బయటపడింది. అంత సంతోషంగా ఎవరైనా డైపర్ మార్చి ఉంటారా అనిపించింది. దాన్ని కడిగి యాదగిరికి చూపించాను. రాత్రి ఎంత చేసినా ఎత్తని మరియమ్మ అప్పుడు ఫోన్ ఎత్తింది.

"గా కుందేలా? మా మనుమరాలు ఎస్తేరు దగ్గరున్నది బిడ్డా. మంచిగుంది గని ఒక కన్ను జర ఊగుతున్నది. దారం పెట్టి నేనే బిగిద్దామనుకున్న."

"అమ్మా, ఇంట్ల ఇంకా చిన్న పిల్లలున్నరా?"

"ఎస్తేరు తమ్ముడున్నడు. ఎనిమిది నెలలు. ఏది దొరికితే అది నోట్లెనే."

ఇల్లెక్కడని అడిగాను. ఇల్లు పెద్ద అంబర్‌పేట్‌లో. కొడుకు లారీ మీద పోయాడు, కోడలు డ్యూటీలో ఉంది, పిల్లల్ని పక్కింటామె చూస్తోంది. మరియమ్మ ఆమెకు ఫోన్ చేసి బొమ్మను బీరువా మీద పెట్టించింది. నేను మిన్నును ఎత్తుకుని హాస్టల్ గేటు దగ్గరికి వెళ్ళాను. ఆమె వంట ముగించి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో, అక్కడి నుంచి బస్సులో కలిసి వెళ్ళాం.

బస్సులో ఆమెకు మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె మిన్ను పొట్ట మీద చెయ్యి వేసి, "ఈ పిల్లకేం కాలేదు గద?" అని అడిగింది. కొంచెం దూరం పోయాక, "నేను వండిన అన్నంల రాయొస్తే హాస్టల్ పిల్లలు నాకు చెప్పరు. పక్కకు పెట్టి తింటరు. చెప్తెనే గద నాకు తెల్సేది. నువ్వు చెప్పినవ్, మంచిగైంది" అంది.

ఇంట్లోకి వెళ్ళేసరికి మూడున్నరేళ్ళ ఎస్తేరు బీరువా ముందు నేల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదని పక్కింటామె చెప్పింది. నేను తెలివిగా ఒక కొత్త కుందేలును తెచ్చాను. అదే రంగు, అదే గుడ్డ, కళ్ళు మాత్రం నల్ల దారంతో కుట్టినవి. ఎస్తేరు దాన్ని తీసుకుంది, తిప్పి చూసింది, వెళ్ళి పాకుతున్న తమ్ముడి ముందు పెట్టింది.

"ఇది తమ్మునిది" అని, మళ్ళీ బీరువా ముందు కూర్చుంది. "నాదాన్ని దించు."

మరియమ్మ దించి నా చేతికిచ్చింది. ఎడమ కన్ను నిజంగానే వేలాడుతోంది. నేను ఎస్తేరు పక్కన కూర్చున్నాను.

"దీని కండ్లు మంచిగ లేవమ్మా. తీసి కొత్తయి కుడత."

"వద్దు."

"నొప్పి పుట్టదు."

"నొప్పి కాదు" అంది ఎస్తేరు, నాకేమీ తెలియదన్నట్టు చూసి. "కండ్లు తీస్తే దానికి నేను కనవడ గద. భయమైతది."

మూడు నాలుగేళ్ళుగా బొమ్మలు కుడుతున్నాను. కొలతలు తెలుసు, గుడ్డ తెలుసు, ఏ దూది ఎన్ని ఉతుకులకు ఉండకడుతుందో తెలుసు. బొమ్మకు భయమేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మరియమ్మ ఏదో సర్ది చెప్పబోయింది. ఎస్తేరే బేరం తేల్చింది.

"ఒకటి తియ్యి. ఇంకోటి నన్ను చూస్తుండాలె. అది అయినంక రెండోది."

అలాగే చేశాం. మిన్నును మరియమ్మ ఎత్తుకుంది. ఎస్తేరు కుందేలు చెయ్యి పట్టుకుని, దాని కుడి కన్నుకు ఎదురుగా ముఖం పెట్టి కూర్చుంది. మెడ వెనక కుట్టు రెండు వేళ్ళంత విప్పి, వదులైన వాషర్ తీసేసి, ఎడమ కన్ను లాగేశాను. రంధ్రం మూసి, దాని మీద శాటిన్ స్టిచ్ వేశాను. అంటే దారాన్ని పక్కపక్కనే ఖాళీ లేకుండా నింపుకుంటూ పోవడం. కన్నుకు పావుగంట పైనే పట్టింది. అంతసేపూ ఎస్తేరు దానితో మాట్లాడుతూనే ఉంది. "ఉన్న, ఉన్న, ఈడనే ఉన్న" అంటూ. ఎడమ కన్ను పూర్తయ్యాక అటు జరిగి, దానికి ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు రెండోది" అని అనుమతిచ్చింది.

మెడ కుట్టు మూసి కుందేలును ఇచ్చాను. ఎడమ కన్ను రవ్వంత చిన్నగా వచ్చింది. విప్పి మళ్ళీ కుడతానన్నాను. ఎస్తేరు దాన్ని గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. మరియమ్మ పప్పన్నం కలిపి తెచ్చింది. పిల్ల తిన్నది, కుందేలుకూ పెట్టింది. ఆ తర్వాత నాకూ కంచం పెట్టారు.

ఆ రోజు తర్వాత నేను ప్లాస్టిక్ కళ్ళు కొనలేదు. పని నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకు మొదట నేర్పేది దారంతో కన్ను కుట్టడమే. అది తీరిగ్గా కూర్చుని, పిల్లలు పక్కన లేనప్పుడు చెయ్యాల్సిన పని కాదని, చంకలో పిల్ల ఉన్నా చేయగలిగేలా నేర్చుకోవాలని చెబుతాను. ఎందుకంటే మాలాంటి వాళ్ళకు పిల్లలు పక్కన లేని పూట రాదు. తప్పు జరిగితే అవతలివాళ్ళు కనిపెట్టేలోపు మనమే ఫోన్ చెయ్యాలని కూడా చెబుతాను. ఈ రెండూ నేర్చుకోవడానికి నాకు ఏడు కుందేళ్ళు, మూడు రోజులు పట్టాయి.

మూడోది ఎస్తేరు నేర్పింది. ఇప్పుడు పాత బొమ్మలు రిపేరుకు చాలా వస్తాయి. తల్లులు సంచిలో వేసి ఇచ్చి పోతారు, పిల్లలెవరూ దగ్గర ఉండరు. అయినా ఏ బొమ్మకూ రెండు కళ్ళు ఒకేసారి తీయను.