మూడు రోజులకే నల్లబడ్డ ఆయిలు

మొన్న చీపురుపల్లిలో మా ట్రాక్టరుని షెడ్డుకి తీసుకెళితే, అక్కడి మెకానిక్కు ఇంజనులో ఆయిలు మట్టం చూసే పుల్ల బయటికి లాగి, దానికంటిన ఆయిలుని రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "పోసి వారమే అంటన్నారు, అప్పుడే నల్లబడిపోనాది, కల్తీ ఆయిలు సార్" అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రక్తపోటు మనిషివి, అరవకు అని ఇంట్లో ఎంత మొత్తుకుంటారో, అదంతా మరిచిపోయి నేను వేసిన కేకలకి పక్క టీకొట్టులోవాళ్లు కూడా లేచి వచ్చారు. పాపం ఆ మెకానిక్కు బిక్కచచ్చిపోయాడు గాని, ఆ కేకలు అతను పుట్టకముందే రాజాం బజారులో వెయ్యవలసినవి.

అరవైలు ముగుస్తున్న రోజులవి. మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఊళ్లోకి డీజిలు ఇంజను వచ్చిందంటే కొత్తల్లుడికి చేసినన్ని మర్యాదలు చేసేవారు. రాజాం దగ్గర మా మావయ్య, అంటే మా అమ్మ అన్నగారు, తన నూతి మీద అలాంటి ఇంజనొకటి పెట్టించాడు. నేను డీజిలు మెకానిక్కు చదువు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా వాళ్లింట్లోనే ఉండేవాణ్ని. వాళ్లమ్మాయిని నాకే ఇస్తారన్న మాట కూడా ఇంట్లో నడుస్తుండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి పొట్ట మీద ఉంది. ఇంకో రెండు తడులు పెడితే గింజ, లేకపోతే తాలు.

అంతవరకూ ఆ ఇంజనులో పీపాలోంచి కొలిచిపోసే విడి ఆయిలే పోసేవారు. బజారులో ఇంజను సామాను అమ్మే షావుకారు మాత్రం, ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఏది రాసుంటే అదే పొయ్యాలని పట్టుబట్టి, సీలు విప్పని డబ్బా ఇచ్చాడు. డబ్బా మీద ముప్పై నంబరు, పక్కన హెచ్.డి. అని రెండక్షరాలు. నంబరు చిక్కదనానికి గుర్తు. అక్షరాలేమో, లోపల పేరుకున్న మసిని కడిగి తనలో పట్టి ఉంచే మందు ఇందులో ఉందని చెప్పడానికి. ఎక్కడో ఆ విద్య తెలిసినవాళ్లు ఇంజన్లని గంటల తరబడి నడిపి, విప్పి, అరుగుదల చూసి మరీ ఇచ్చిన అక్షరాలవి. అలాంటి ఆయిలు నల్లబడిందంటే తన పని తాను చేస్తోందన్నమాట. మా మావయ్యకి మాత్రం ఏ నూనైనా గానుగ నూనె లెక్కే. తేటగా ఉంటే మంచిది, నల్లబడితే మడ్డి.

మూడో రోజున ఆ నలుపు చూసి, ఆయిలంతా చెంబులోకి దింపి, నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్లి, పసుపు రాసి ఉన్న షావుకారు గడప మీద గుమ్మరించాడు.

"ఏటయ్యా ఇది? మూడ్రోజులకే మసిబొగ్గయిపోనాది! మా ఇంజనుకి విషం పోయిస్తావేటి?"

జనం పోగయ్యారు. షావుకారు గొంతు పెంచలేదు. నా వైపు తిరిగాడు.

"బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఈ నలుపేటో నువ్వే సెప్పు."

నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కాని ఆ ఇంట్లో మావయ్య ఎదుట కుర్చీలో కూర్చోవడమే తెలియని నేను, పిల్లనిచ్చే మనిషిని నలుగురిలో కాదని ఎలా అనను? తలొంచుకుని నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. ఛీ! ఇన్నేళ్లయినా నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మావయ్య బస్టాండు దగ్గరి పీపాలోంచి తేటగా మెరిసే ఆయిలు పట్టించుకొచ్చాడు. ఎవరి బండిలోనో మాడి వచ్చిన పాత ఆయిలుని యాసిడు పోసి తేటపరిచి, వడగట్టి అమ్మే దొంగ సరుకది. అయిదో రోజున ఇంజను మూలిగి, బిగుసుకుపోయి ఆగింది. విశాఖపట్నం నుంచి పిస్టను వచ్చేసరికి చేనంతా తాలే. నేను అసలు సంగతి చెబితే మావయ్య నా మీదే విరుచుకుపడ్డాడు. "అప్పుడే సెప్పొచ్చు కదరా! నీ నోట్లో ఏటున్నాది?"

ఆ గడప తొక్కి తప్పయిందని ఒక్క మాట అనలేదు మహానుభావుడు. ఆయనకి అల్లుణ్నయ్యాను, ఆయన పోయిన రోజున ఏడ్చాను కూడా, కాని ఆ ఒక్క విషయంలో కోపం నేటికీ చల్లారలేదు.

క్షమాపణ చెప్పాలని నేనొక్కణ్నే దుకాణానికి వెళ్లాను. డబ్బాలుండే అరలో తాళ్లు, మేకులు ఉన్నాయి. "డబ్బాలు మానేసినాను బాబూ, ఎవులూ కొనడం నేదు. నీకేటి కావాలి?" అన్నాడు షావుకారు. మేకులు కొనుక్కుని వచ్చేశాను.

ఇప్పుడు ప్రతి డబ్బా మీదా బోలెడన్ని అక్షరాలు, వాటి అర్థం చెప్పే ఫోను ప్రతి జేబులోనూ. అయినా నమ్మేది రెండు వేళ్లనే. మొన్న నా కేకలయ్యాక ఆ మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "అలాగా సార్? మాకీ మాట ఎవులూ సెప్పనేదు" అన్నాడు. ఎవరు చెబుతారు నాయనా! నడి బజారులో అడిగిన రోజున నేనే చెప్పలేదు.