ఆళ్లగడ్డ గోల్‌కు మూడో వంతు

1956 జూన్‌లో నన్ను నంద్యాలలోని ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. కాగితాల మీద నా ఉద్యోగం వ్యాయామోపాధ్యాయుడు. ఊరందరికీ డ్రిల్లు సారును. పాఠాలు చెప్పే అయ్యవార్ల వరుసలో మా కుర్చీ ఎప్పుడూ చివరిదే. అయితే ఒక్క అధికారం మాత్రం మాకుండేది. జిల్లా పాఠశాలల ఫుట్‌బాల్ జట్టుకు ఆ చుట్టుపక్కల తాలూకాల నుంచి కుర్రాళ్ల పేర్లు పంపేది అక్కడి డ్రిల్లు మాస్టర్లలో సీనియర్. ఆ ఏడాది ఆ సీనియర్ని నేనే. దానికి కాస్త మిడిసిపడ్డాను కూడా.

పద్ధతి ఇదీ. ప్రతి పాఠశాల డ్రిల్లు మాస్టరు ఒక పట్టీ పంపాలి. అందులో కుర్రాడి పేరు, పుట్టిన తేదీ, ఆడే చోటు, ఆడిన మ్యాచ్‌లు, వేసిన గోల్స్ ఉంటాయి. ఆ తర్వాత అందరినీ ఒకచోట చేర్చి ట్రయల్ మ్యాచ్ ఆడించి ఎంచాలి. ఆ ఏడాది ముసురు పట్టింది. మా మైదానం నల్లరేగడి నేల. కాలు పెడితే పిక్కదాకా దిగబడేది. ట్రయల్ రద్దయింది. పట్టీలు చూసే ఎంచమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది.

తక్కిన స్థానాలకు పేచీ రాలేదు. చిక్కంతా సెంటర్ ఫార్వర్డ్ దగ్గర వచ్చింది. ముందు వరుసలో ఐదుగురు ఆడితే, నడుమ నిలబడి గోల్ వేయాల్సినవాడు అతను. స్థానం ఒకటి, కుర్రాళ్లు ఇద్దరు. ఒకడు మా బడి పిల్లవాడే, బాషా. తండ్రి బియ్యం మిల్లులో ఫిట్టరు. బాషా నంద్యాల లీగులో పెద్దవాళ్లతో కలిసి ఆడేవాడు. మిల్లు పనివాళ్లు, రైల్వేలో పనిచేసేవాళ్లు ఆడే గట్టి లీగు అది. వాడి పట్టీలో తొమ్మిది గోల్స్. రెండోవాడు ఆళ్లగడ్డ కుర్రాడు ఓబులేసు. రాతి విగ్రహాలు చెక్కే ఇంటివాడు. అక్కడి లీగంటే చుట్టుపక్కల పల్లెల జట్లు అయిదారు. కాళ్లకు బూట్లుండవు, గోల్‌కు రెండు వెదురు గడలు. వాడి పట్టీలో ఇరవై నాలుగు గోల్స్.

ఆ పట్టీతో పాటు ఆళ్లగడ్డ డ్రిల్లు మాస్టరు సుబ్బారెడ్డి ఒక ఉత్తరం జతచేశాడు. జిల్లా జట్టులో ఆడినవాళ్లకు కర్నూలులో ఒక కళాశాలవారు ఫీజు లేకుండా సీటు, హాస్టలు ఇస్తామన్నారు. ఆ సీటు వస్తే కొడుకును చదివిస్తానని, రాకుంటే వేసవి నుంచి ఉలి పట్టిస్తానని ఓబులేసు తండ్రి చెప్పాడట. అంటే ఏది పోతే ఏమవుతుందో తెలిసే నేను లెక్కకు కూర్చున్నాను.

ఇరవై నాలుగు, తొమ్మిది పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయమని నాకు తోచింది. ఏమాటకామాటే, అంతవరకు తోచింది సరైనదే. పల్లె జట్టు మీద వేసిన గోలూ, రైల్వే జట్టు మీద వేసిన గోలూ ఒకటి కావు. అందుకని ఒక తూకం కనిపెట్టాను. ఆళ్లగడ్డ గోల్స్ మూడైతే నంద్యాల గోల్ ఒకటి. ఇరవై నాలుగు కాస్తా ఎనిమిదైంది. బాషాకు తొమ్మిది. బాషా పేరు రాసి సంతకం చేశాను. మూడుతోనే ఎందుకు భాగించాలి, రెండుతో ఎందుకు కాదు అని నన్ను నేను అడగలేదు.

ఈ తూకం గురించి మా బడిలో గొప్పగా చెప్పుకున్నాను. అది ఎవరి నోటనో విని సుబ్బారెడ్డి మర్నాడే బస్సెక్కి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, మాట మాత్రం కొడవలి.

"ఏందన్నా ఇది? మా మీద ఆడేటోళ్లు మెత్తనోళ్లని గోల్‌కు కోత పెడితివి. సరే, ఒప్పుకుంటా. మరి మావాని పక్కన ఆడేటోళ్లు గట్టోళ్లా? బాషాకు రైల్వేవాళ్లు బంతి తెచ్చి కాలికాడ పెడతారు. మావానికి ఎవురు పెడతాండారు? ఆ లెక్క యాడ రాసినావు?"

అలా లెక్కేస్తూ పోతే అంతుండదన్నాను.

"అంతుండదంటే మొదులే పెట్టకూడదుగదన్నా. ఒక్కసారి వచ్చి సూడు. ఇరవై అయిదు మైళ్లే."

జాబితా వెళ్లిపోయింది, ఇక నా చేతిలో లేదన్నాను. అది అబద్ధం. జాబితా అప్పటికి నా మేజా సొరుగులోనే ఉంది. దాన్ని మర్నాడు టపాలో వేశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటారే, అదీ నా వరస.

డిసెంబరులో జిల్లాల పోటీలు జరిగాయి. బాషా రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క గోలూ వేయలేదు. వాడు చెడ్డగా ఆడాడని అనను. చెయ్యెత్తి, సరైన చోట నిలబడి బంతి కోసం ఎదురుచూశాడు. జట్టులో తక్కినవాళ్లు బడి పిల్లలు. ఆ బంతిని అక్కడిదాకా తేవడం వాళ్లకు చేతకాలేదు. నంద్యాలలో వాడి రెండు పక్కలా ముప్పయ్యేళ్ల ఆటగాళ్లు ఉండేవారు. గీత పక్కన నిలబడి ఆ మ్యాచ్ చూస్తుంటే నాకు సిగ్గేసింది.

జనవరిలో ఆళ్లగడ్డ వెళ్లాను. పొలంలో మ్యాచ్ జరుగుతోంది. ఓబులేసు వెనక్కి వెళ్లి సొంత గోల్ దగ్గర బంతి లాక్కున్నాడు. తనవాడికి ఇచ్చాడు. వాడు వదిలేస్తే మళ్లీ పరుగెత్తి తెచ్చుకున్నాడు. నలుగురిని దాటి గోల్ వేశాడు. బంతి లాక్కునే హాఫ్‌బ్యాక్ పనీ, ముందుకు అందించే ఇన్‌సైడ్ పనీ, గోల్ వేసే ఫార్వర్డ్ పనీ వాడొక్కడే చేస్తున్నాడు. నేను మూడుతో భాగించిన గోల్ అలాంటిది.

మ్యాచ్ అయ్యాక సుబ్బారెడ్డి నన్ను ఓబులేసు తండ్రి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కొట్టంలో నంది విగ్రహానికి మెడ గంటలు చెక్కుతున్నాడు. ఎంపికలో తప్పు నాదేనని చెప్పాను. కుర్రాణ్ణి ఇంకో ఏడాది బడిలో ఉంచితే, వచ్చేసారి నేనే దగ్గరుండి పేరు పంపుతానన్నాను.

ఆయన ఉలి ఆపలేదు. "ఇంగ యాడ ఏడాది సార్. పరీచ్చ కాంగానే పనిలోకి రమ్మంటి. వాడూ సరే అనె. మా ఆటగానికి మీరు మూడో వంతు కట్టినారంట గదా. చదువుకున్నోళ్లు తూచినాంక తక్కువే ఉంటాడులే అనుకుంటిమి."

"వాడూ అట్లే అనుకున్నాడా?" అన్నాను.

"వాని ఆట వానికి తెల్సు సార్. మేమే నమ్మలా."

ఓబులేసు ఆ వేసవిలో ఉలి పట్టాడు. బాషాకు కర్నూలులో సీటు వచ్చింది, చదువుకున్నాడు, బాగుపడ్డాడు. వాడి మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఆ తర్వాత విరమించేదాకా ఎన్నో జట్లను ఎంచాను. ట్రయల్ జరగకపోతే బస్సెక్కి వెళ్లి, ఆట చూశాకే పేరు రాశాను, కొట్టేశాను. ఎదుటి జట్టు బలహీనమని కుర్రాడి గోల్‌కు కోత వేసేవాడు, సొంత జట్టు బలహీనమైనప్పుడు దానికి కలపడం కూడా తెలుసుకోవాలి. అది తెలియనివాడు కోత జోలికి పోకూడదు. ఈ పాఠం నేర్చుకున్నది నేను. నష్టపోయింది ఓబులేసు.