అమ్మ కొంగులో మోగిన వీడియో గేమ్

మా చిన్నప్పుడు... మట్టెవాడలో మా ఇంటి అరుగు మీద ఎండ ఉన్నంతసేపే మాకు ఆట. నేనూ మా అన్నా భుజాలు రాసుకుంటూ కూర్చుని, అరచేతిలో పట్టేంత మిషన్‌ను ఎండకేసి అటూ ఇటూ తిప్పుతూ... "కనవడ్తలేదు, జర ఇటు వంచు" అని కొట్టుకునేవాళ్లం.

ఎనభైల్లో సంగతి. అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన వీడియో గేమ్ అది. పైనుంచి పండ్లు రాలుతుంటాయి... కింద బుట్ట పట్టుకున్న మనిషిని రెండు బటన్లతో జరుపుతూ పట్టుకోవాలి. మూడు పండ్లు నేలపాలైతే ఆట ఖతం. "కొట్లాడకుంట ఆడుకోండ్రి" అని దాన్ని అన్న చేతిలో పెట్టి, "చిన్నప్పుడు కచ్చకాయలాటల మా అక్కను ఎవ్వలు గెలువకపోతుండె, ఎరుకేనా?" అన్నాడు మామ. ఆ మాట ఎవరు విన్నారు... మా కళ్లు మిషన్ మీదే ఉన్నాయి.

ఈమధ్య మా అబ్బాయి అలాంటి పాత మిషన్ ఫొటో ఒకటి చూపించి, "ఇది నిజంగా బాగుండేదా?" అని అడిగాడు. దాని మంచీ చెడూ చెప్పమంటే నేను గంటసేపు చెప్పగలను. జేబులో పట్టేది... కరెంటు పోయినా పనిచేసేది... సెల్లు వేస్తే నెలల తరబడి వచ్చేది. ఓ మూల టైము కూడా చూపించేది. అందరికంటే ఎక్కువ కొట్టిన స్కోరును, సెల్లు తీయనంతవరకు, జ్ఞాపకం పెట్టుకునేది.

లోపాలంటారా... లోపల లైటు లేదు, పొద్దుగూకితే అది ఉత్త డబ్బా. ఉన్నది ఒక్కటే ఆట. గుండీ అంతుండే ఆ సెల్లు చౌరస్తాలో గడియారాల దుకాణంలో తప్ప దొరికేది కాదు. అన్నిటికంటే పెద్ద లోపం మాత్రం... దాని నోరు మూయించే బటన్ లేకపోవడం. పండు పట్టినా కూసేది, వదిలినా కూసేది. పాత రికార్డు దాటితే మాత్రం, ఆట అయిపోగానే పెళ్లి బ్యాండు లెక్క పొడుగ్గా ఒక పాట అందుకునేది. అది అయ్యేదాకా ఏం నొక్కినా ఆగదు.

ఒకరోజు బడి నుంచి వచ్చి చూస్తే రికార్డు మారిపోయి ఉంది. నేను కొట్టలేదు. "నువ్వే దొంగతనంగ ఆడినవ్" అని అన్న నా జడ లాగాడు, నేను వాడి చెయ్యి కొరికాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి అది ఇంకా పెరిగింది. దేవుడి మీద ఒట్లు... అన్నం దగ్గర అలకలు... పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తకుండానే, "మిషనే కరాబైందేమో, పోనియ్యుండ్రి" అంది. మేం నమ్మేశాం.

ఆ ఆదివారం మరిపెడ నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క... గట్టి మనిషి. ముందు గదిలో అందరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. చాయ్ పెట్టుకొస్తానని అమ్మ లోపలికి వెళ్లి చాలాసేపైంది. ఉన్నట్టుండి వంటింట్లోంచి పాట... ఆ పెళ్లి బ్యాండు పాట!

అత్త ముందు, వెనక మేమందరం. పెరటి దర్వాజలోంచి కాస్త ఎండ పడేచోట, పీట మీద అమ్మ. రెండు చేతుల్లో మిషన్. స్టవ్వు మీద పాలు పొంగి కారుతున్నాయి. మమ్మల్ని చూసి చటుక్కున దాన్ని కొంగులో దాచుకుంది. కొంగులోంచి పాట మోగుతూనే ఉంది. రెండు చేతులతో పొట్టకు అదుముకుంది... ఐనా మోగుతూనే ఉంది.

"గిదేంది సుగుణా! ఇంత ఈడొచ్చినంక పోరగాండ్ల ఆట ఆడుతానవా? పాలన్ని పొంగిపాయె సూడు!" అంది అత్త.

"అయ్యో లేదొదినె... టైమెంతైందో సూద్దామని తీసిన..." అంది అమ్మ. మెడదాకా ఎర్రబడిపోయింది.

"నాకు ఇద్దరు కాదక్కా, ముగ్గురు పిల్లలు!" అన్నాడు నాన్న. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను... కానీ లోపల సిగ్గుతో చచ్చినంత పనైంది. అందరి అమ్మల్లా మా అమ్మ ఎందుకుండదు అని ఏడుపొచ్చింది. సాయంత్రానికి వాడంతా తెలిసిపోయింది. నల్లా దగ్గర పిల్లలు, "ఏమే, ఇయ్యాల మీ అమ్మ రికార్డు కొట్టిందా?" అని అడుగుతుంటే బిందె నిండకుండానే ఇంటికొచ్చి, రెండు రోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత అమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఆమె కొట్టిన రికార్డు అలాగే ఉండిపోయింది, అన్నా నేనూ ఎంత ఆడినా దాని దరిదాపులకు పోలేకపోయాం. అన్న ఒకసారి మనసు ఊరుకోక, "జర ఎట్ల ఆడాల్నో సూపియ్యమ్మా" అన్నాడు. "నాకేం ఎరుక బిడ్డా, అవన్ని మీకే" అని చేట అందుకుంది.

కొన్నాళ్లకు సెల్లు అయిపోయింది. నాన్న కొత్తది తెచ్చి వేస్తే తెర మీద సున్నాలు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా భుజాల మీదుగా తొంగిచూసి, "పోయిందా..." అంది. అంతే, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే సిగ్గేస్తుంది.

ఇప్పుడు అమ్మకు మేం కొనిచ్చిన ఫోన్ ఉంది. అందులో రంగురంగుల ఆటలు, చీకట్లోనూ కనపడే వెలుగు... ఆ పాత మిషన్‌కు లేనివన్నీ ఉన్నాయి. ఫోన్ చేతికి రాగానే అమ్మ నేర్చుకున్న మొదటి పని, సౌండు బంద్ చేయడం. మొన్న నేను గదిలోకి వెళ్తే గబుక్కున ఫోన్ బోర్లించింది. "ఆడుకో అమ్మా... సౌండు పెట్టుకోని ఆడుకో" అన్నాను.

"వద్దు బిడ్డా... ఎవలన్న వింటరు" అంది.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం...

మీ అమ్మ చిన్నప్పుడు ఏ ఆటలో దిట్టో మీకు తెలుసా? తెలిస్తే ఇక్కడ రాయండి... తెలియకపోతే, ఇవాళే అడిగి వచ్చి రాయండి.