వీపుతో చెప్పిన పాఠం

రండి, ఇటు దగ్గరగా కూర్చోండి. ఆ గోడవారగా కాదు, నా ముఖం మీకు, మీ ముఖం నాకు కనబడేటట్టు కూర్చోండి. ఈ ముసలిదానికి ఇంత పట్టింపేమిటని నవ్వుకోకండి. వింటే మీకే తెలుస్తుంది.

మేముండేది సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర. మాది నేతపని కులం. మరమగ్గాలను మా వైపు సాంచాలంటాం. ఇంటి కింది అంతస్తులో సేటువి పన్నెండు సాంచాలు. మా కొడుకు వాటి మీద నేస్తాడు, నేను పక్కన కూర్చుని కండెలు చుడతాను. సాంచాలు ఆడుతుంటే మీదపడి అరిచినా వినబడదు. అందుకే మేం పెదవులు విప్పి, గొంతు లేకుండా మాట్లాడతాం. మిగతాది వేళ్లతో. పోగు తెగితే రెండు వేళ్లు విడదీసి చూపిస్తాం. తెగిన పోగు ముడేశాక ఆ రెండు వేళ్లూ కలుపుతాం. అక్కడ పనిచేసే అందరికీ అదే భాష.

మా మనవరాలు ఆ చప్పుడులోనే పాకింది, నడిచింది. అయిదేళ్లకే అటు చివరి సాంచ దగ్గర నిలబడి, ఇటు చివర నేను పెదవులతో చెప్పిన మాట పట్టేసేది. "దీని కండ్లకే చెవులున్నయ్" అని మా కొడుకు పదిమందికీ చెప్పుకుని మురిసేవాడు. నేనూ మురిశాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

గుజరాతీ బడిలో వేశాం. మొదటి రెండేళ్లు ఒక పెద్దావిడ పిల్లల మధ్యన కూర్చుని, ఆడించి, పాడించి చెప్పింది. ఏ గొడవా లేదు. మూడో తరగతిలో కొత్త టీచర్ వచ్చింది. దీపావళి సెలవులు కాకముందే ఇంటికి కాగితం పంపింది. పక్కింటి అబ్బాయితో చదివించుకున్నాం. పిల్ల మందబుద్ధి అట. చెప్పింది వినదట, పక్కవాళ్ల పుస్తకంలో చూసి రాస్తుందట. మళ్లీ ఒకటో తరగతిలో చిన్నపిల్లలతో కూర్చోబెడతారట, ఇష్టం లేకపోతే తీసుకుపోవాలట.

"ఇంక బడి బంద్ చేద్దాం అత్తమ్మా" అన్నది కోడలు. "చిన్నపోరగాండ్ల నడుమ దీన్ని కూసోబెడితే అందరు నవ్వుతరు. ఇంట్ల నా పక్కన కూసొని చీరలకు మెరుపు టిక్కీలన్న అంటిస్తది."

ఎనిమిదేళ్ల పిల్ల బతుకంతా టిక్కీల డబ్బా ముందే తెల్లారుతుందా అని నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాను? పిల్ల మీదే.

"ఏందే, టీచర్ చెప్తుంటే నువ్వు ఎటు చూస్తున్నవ్?"

"టీచర్ బోర్డుతోని మాట్లాడ్తది బాపమ్మా. మాతోని మాట్లాడది."

పొగరు మాట అనుకున్నాను. చెంప మీద ఒక్కటి వేశాను. ఉన్నదున్నట్టు చెప్పిన పిల్లను కొట్టిన చెయ్యి ఇదే, చూడండి.

తర్వాత వారం రోజులకేమో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పన్నెండు సాంచాలూ ఒక్కసారిగా ఆగాయి. అందరం కింద కూర్చుని చాయ్ తాగుతున్నాం. మనవరాలు గుమ్మం వైపు తిరిగి ఖాళీ కండెలు ఏరుతోంది. "ఏయ్ పిల్లా, ఇటు రా" అన్నాను. సాంచాలు నడిపే మొగవాళ్లంతా నా వైపు చూశారు. పిల్ల చూడలేదు. మళ్లీ పిలిచాను, ఇంకొంచెం గట్టిగా. వీధిలో పోతున్న కూరగాయల బండివాడు తన్నే పిలిచాననుకుని ఆగాడు. పిల్ల చూడలేదు. మా కొడుకు లేచి దాని వెనకాల నిలబడి చప్పట్లు కొట్టాడు. అది కండెలు ఏరుకుంటూనే ఉంది.

బుట్ట నిండాక తనంతట తాను తిరిగింది. మా ముఖాలు చూసి బెదిరిపోయింది. "ఏమైంది? అందరు నన్నే చూస్తున్రేంది?"

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి, పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఆసుపత్రిలో చెవులకు యంత్రం పెట్టి చూశారు. రెండు చెవులకూ చాలా తక్కువగా వినిపిస్తుందన్నాడు డాక్టరు. "ఇన్నేళ్లు మీకెలా తెలియలేదు?" అని గద్దించాడు. మా కొడుకు తల దించుకుని, "మా సాంచాల కాడ అందరం చెవిటోళ్లమే కద సార్" అన్నాడు. నిజమే. గొంతు లేకుండా మాట్లాడుకునే చోట వినబడని పిల్లను ఎవరు పోల్చుకుంటారు? అక్కడ మా అందరికంటే తెలివైనది అదే.

మర్నాడు పిల్ల చెయ్యి పట్టుకుని బడికి పోయాను. క్లాసు నడుస్తోంది. గుమ్మంలో నిలబడి చూశాను. ఆ టీచర్ బోర్డు మీద రాస్తూ, బోర్డుకే చెబుతూ, ఒక్కసారైనా వెనక్కి తిరగదు. అరవై మంది పిల్లలకు ఆమె వీపు, జడ తప్ప ఏమీ కనబడటం లేదు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. నాకొచ్చిన హిందీలోనే విషయమంతా చెప్పాను, డాక్టరు కాగితం చూపించాను.

ఆమె నిట్టూర్చింది. అక్కడ పెద్దామెను మాసీ అంటారు, టీచరమ్మను బెన్ అంటారు. "మాసీ, ఈ గదిలో ఒడియావాళ్లున్నారు, బీహారువాళ్లున్నారు, మరాఠీలున్నారు, మీ తెలుగువాళ్లున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చెప్పాలంటే నాకు పది నోళ్లు కావాలి."

"పది నోళ్లొద్దు బెన్. ఉన్న ఒక్క నోరు జర పిల్లల దిక్కు తిప్పు."

"ఈ పిల్లకు ఏం చెప్పినా ఎక్కదు మాసీ."

"ఎక్కుతదో లేదో ఇప్పుడే చూడు" అని మనవరాలిని గది చివరికి పంపాను. నేను గుమ్మంలోనే నిలబడి, గొంతు లేకుండా, పెదవులతో తెలుగులో ఒక మాట చెప్పాను. అంత దూరం నుంచి అది కిసుక్కున నవ్వి, గుజరాతీలో అందరికీ వినబడేటట్టు చెప్పింది: "బెన్, మీ ముక్కు మీద చాక్‌పీసు పొడి ఉందట, తుడుచుకోమంటోంది బాపమ్మ."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆమె ముక్కు తుడుచుకుంది. వేలికి అంటిన తెలుపు చూసుకుంది.

నేనూరుకోలేదు. "పోగు తెగితే మేం సాంచ ఆపి ముడేసుకుంటం బెన్. పోగును మందబుద్ధి అనం" అన్నాను.

ఆ రోజు నుంచి పిల్లను ముందు వరసలో, టీచర్ ముఖం మీద వెలుతురు పడే వైపు కూర్చోబెట్టారు. ఆమె ముందు రాసి, తర్వాత తిరిగి చెప్పడం అలవాటు చేసుకుంది. మరచిపోతే పిల్లలే "బెన్, ఇటు!" అని అరుస్తారట. గుజరాతీ ముక్క రాని ఒక ఒడియా పిల్ల కూడా, టీచర్ నోటిని చూసి, వేలు పెట్టిన అక్షరాన్ని చూసి చదవడం మొదలుపెట్టిందట. మా పిల్లకు చెవి మిషన్ వచ్చింది. బడిలో పెట్టుకుంటుంది, సాంచాల దగ్గరికి రాగానే తీసి జేబులో వేసుకుంటుంది. "ఈ లొల్లిల మీరెట్ల ఉంటరు బాపమ్మా?" అని మమ్మల్నే వెక్కిరిస్తుంది.

కిందికి దిగకుండానే మూడో తరగతి పూర్తి చేసింది. ఆ రోజు నేను తిరిగిచ్చిన మందబుద్ధి కాగితాన్ని మాత్రం టీచర్ చించలేదు. "సరే, కిందికి పంపనులే" అని సొరుగులో పెట్టుకుంది. తప్పయిందని నోట ఒక్క మాట రాలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలనీ లేదు. ఇంకే పిల్ల కాగితం ఆ సొరుగులో పడి ఉందో ఎవరికి తెలుసు?

అయినా ఆమెను అంటున్నాను గానీ, నా నోట మాత్రం ఆ మాట వచ్చిందా? చాలా రోజులు రాలేదు. చివరికి ఒక సాయంత్రం, సాంచాలన్నీ ఆడుతుండగా, ఈ చివర నుంచి పెదవులతో అన్నాను: "ఆ రోజు కొట్టుడు నాదే తప్పు బిడ్డా." అది ఆ చివర నుంచి నన్ను చూసింది. రెండు వేళ్లు ఎత్తి, కలిపి చూపించింది.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇల్లు సల్లగుండ. మీ ఇంట్లో పిలిచినా పలకని బిడ్డ ఉంటే, చెయ్యెత్తకముందే ఎదురుగా వచ్చి ముఖం చూసే మనిషి మీ గడపలో ఎప్పుడూ ఉండాలి.