వాల్ట్ తలుపు వెనక రైఫిల్

మా మోంటానా లోయలో ఎల్డన్ ట్వైట్ పేరు తెలియని గడప లేదు. చదివింది పల్లె బడిలోనే అయినా గురిపోటీల్లో ఆయన గెలిచిన కప్పులు అటకంతా నిండాయి. మంచు తుపానులో చెదిరిన మందను ఒంటిచేత్తో ఇంటికి తోలుకొచ్చిన మొనగాడు. చర్చి కింది గదిలో ముప్పై ఏళ్లు పిల్లలకు వేట పాఠాలు చెప్పాడు. "తుపాకీ చేతికొస్తే ముందు ట్రిగ్గరు కింది లివరు దించి తెరువు. లోపల తూటా లేదని కళ్లతో చూడు. ఆ తర్వాతే నోరు విప్పు." ఇదే ఆయన తొలి పాఠం.

అలాంటి మనిషికి కొన్నాళ్లుగా మనసు నిలకడగా లేదు. పొరుగున ఉండే పశువుల రైతు వాల్ట్ పోయాక, అతని భార్య జూన్ పాత లివరు రైఫిల్ అమ్ముతానంది. కరువు ఏట ఎల్డన్ తండ్రి అమ్ముకున్నదానికి అది అచ్చంగా జోడు. కొనమని మనసు లాగుతోంది. వణికే వేళ్లు వెనక్కి లాగుతున్నాయి.

"ఎందుకయ్యా ఇంకొకటి? మొన్న దుప్పి అనుకుని మన ఎర్ర దూడకే గురిపెట్టావు," అంది భార్య ఇర్మా.

"పెట్టాను గానీ, పేల్చానా?"

"ఆ దూడ చేసుకున్న పుణ్యం!"

అయినా వాల్ట్ ఇంటికి వెళ్లాడు. జూన్ కూడా ఒకప్పుడు ఆయన పాఠం విన్న పిల్లే.

"తలుపు వెనకే ఉంది పెద్దాయనా, చూసుకోండి. వాల్ట్ పోయాక నేను ముట్టుకోలేదు."

నున్నటి కర్ర అరచేతికి తగలగానే ఎల్డన్‌కు తండ్రి కళ్లముందు నిలిచాడు. రైఫిల్ భుజానికి ఆనించి కిటికీలోంచి కంచె గుంజకు గురి చూశాడు. అలాగే పట్టుకుని కప్పుల కథ మొదలెట్టాడు. కథతోపాటు ఇంట్లోకి తిరిగిన తుపాకీ గొట్టం, పొయ్యి దగ్గరున్న జూన్ నడుము మీదుగా సాగిపోయింది.

"ధర చెప్పి నాకే ఇచ్చెయ్ అమ్మాయ్," అంటూ రైఫిల్ ఆమెకు అందించాడు.

జూన్ అలవాటుకొద్దీ లివరు దించింది. ఇత్తడి తూటా ఒకటి ఎగిరిపడి, దొర్లుకుంటూ పొయ్యి కిందికి పోయింది.

జూన్ రైఫిల్‌ను బల్ల మీద పెట్టింది.

"నక్కల కోసం నింపి పెట్టుకునేవాడు. మీతో చెప్పడం నేనే మర్చిపోయాను," అంది జూన్.

"నువ్వేం మర్చిపోలేదు. లివరు దించావు."

"ఎవరికైనా జరుగుతుంది లెండి."

"నా క్లాసులో జరిగితే ఆ ఏడు వేటకు పంపేవాణ్ని కాదు. మీ అన్ననే ఆపేశాను, గుర్తుందా?"

"ఎందుకు లేదు? ఇప్పటికీ తిడుతుంటాడు మిమ్మల్ని."

ఎల్డన్ నవ్వలేదు. టోపీ అందుకున్నాడు.

"మరి రైఫిలో?"

"ఇంకెవరికైనా ఇవ్వు. లివరు దించే చెయ్యి చూసి ఇవ్వు."

ఇంటికొచ్చి, టోపీ అయినా తియ్యకుండా, బీరువాలోని తుపాకులన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాడు. అన్నీ ఖాళీయే. అయినా మళ్లీ మొదటినుంచి చూశాడు. తర్వాత తాళం వేసి, తాళంచెవి ఇర్మా పిండి డబ్బా పక్కన పెట్టాడు.

"ఈ ఏడు నన్ను వేటకు పంపకు."

ఆయన ముఖం చూసి ఇర్మా ఎగతాళి మింగేసింది.

"వచ్చే ఏడో?"

ఎల్డన్ తన వేళ్ల వంక చూసుకుని, తాళంచెవిని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.