చిన్నమ్మ పాటలో ఆఖరి చరణం

మా చిన్నప్పుడు... పొద్దుగూకితే సరూర్‌నగర్‌లో మా వాకిట్లో ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగేవాళ్ళు. పండుగ కాదు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం. బాణీ బతుకమ్మది, మాటలు మా చిన్నమ్మవి.

మా నల్లగొండ వైపు ఒక అలవాటు... భజన పాటైనా సరే, కట్టినవాళ్ళు ఆఖరి చరణంలో తమ పేరూ ఊరూ చెప్పుకోవాలి. చిన్నమ్మ కూడా సర్కారును దులిపి దులిపి, చివర్లో పేరు, ఊరు, పెనిమిటి పేరుతో సహా అప్పజెప్పేది. అప్పటి సరూర్‌నగర్‌లో ఇళ్ళకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ... పోస్టుమాన్‌కైనా, ఇంకొకరికైనా ఆ ఆనవాళ్ళు చాలు.

నేను పదో తరగతి తప్పి, పకోడీల పొట్లం కాగితాలు కూడా వదలకుండా చదివే రోజులు. పాటల మీద పత్రికలో రాసి బతకాలని పిచ్చి. పక్కింట్లో కిరాయికుండే గుంటూరాయన ఒక వారపత్రికలో పనిచేసేవారు.

"ఉద్యమం పాట మీద రాసి తీసుకురావయ్యా. బావుంటే ఎడిటరు గారికి చెప్తాను. కట్టినవాళ్ళ పేరుండాలి సుమా!" అన్నారు.

చిన్నమ్మ పాట మీదే రాశాను. జేబులో పెట్టుకుని ఆయన పత్రికాఫీసుకు బయల్దేరితే, కిరాణా కొట్టు దగ్గర ఎవరో కొత్త మనిషి అదే పాట కూనిరాగం తీస్తున్నాడు. లుంగీ కట్టాడు గానీ, కాళ్ళకు పోలీసు బూట్లు.

"మస్తున్నది పాట... ఆఖరి చరణమే యాదికొస్తలేదు. నీకొస్తదా తమ్మీ?"

"నాకు పాటలు రావన్నా."

"మరి జేబుల గా కాయితమేంది?"

"అమ్మ సామాను రాసిచ్చింది."

నవ్వాడు. నేను చింతపండు కొనేదాకా కదల్లేదు.

పాట కట్టిందెవరని అడుగుతూ తిరగడం... నేను చేద్దామనుకున్న ఉద్యోగమే. నాకన్నా ముందే ఒకడు చేరిపోయాడు.

ఇంటికొచ్చి కాగితం పొయ్యిలో వేసి, చిన్నమ్మకు చెప్పాను.

"పేరు చెప్పకుంటె పాట నాదెట్లయితదిరా?" అని కసిరింది.

కానీ ఆ సాయంత్రం ఆఖరి చరణం ముందే ఆగిపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి ఆడవాళ్ళు ఆమె ముఖం చూశారు. గోడ అవతల కూనిరాగం మాత్రం ఇంకాస్త సాగి ఆగింది...

ఆమె మళ్ళీ ఆ చరణం పాడలేదు. నేను లారీ ఆఫీసులో గుమాస్తానయ్యాను.

మలి ఉద్యమంలో ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ పాట మైకులో విన్నాను. "కట్టినోళ్ళెవరో తెల్వదు, జానపదం" అన్నాడు పాడిన పిల్లగాడు. అప్పటికి చిన్నమ్మ లేదు.

ఇప్పుడు పాడేవాళ్ళు పేరు చెప్పాకే గొంతు విప్పుతున్నారు... మీ ఇళ్ళల్లోనూ అలాంటి పాటలుంటే, కట్టినవాళ్ళ పేర్లతో సహా కింద రాయండి. మా చిన్నమ్మ పేరు రాద్దామనే కూర్చున్నాను... ఎవరెవరు చదువుతారో తెలియదు, చేతులు రావడం లేదు.